శిథిలం అనే ముందు రిపేరు లెక్క చూపించండి

గాంధీ రోడ్డులోని హథీరాంజీ మఠం భవనాన్ని కూల్చాలా వద్దా అన్న గొడవ మొదలైనప్పటి నుంచి మా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజీలే తిరుగుతున్నాయి. "పెచ్చులూడుతున్న కట్టడం పక్కనుంచి రోజూ అంతమంది జనం పోతున్నారు, రేపు ఎవరి నెత్తినన్నా పడితే ఎవరిది పూచీ?" అనేవి కొన్ని. "చరిత్రని జేసీబీలతో ఎత్తేస్తారా?" అనేవి మిగతావి. రెండు వైపులా నాకు బాగా తెలిసినవాళ్ళే ఉన్నారు కాబట్టి ఎటూ మాట్లాడకుండా చదువుతూ కూర్చున్నాను. చదవగా చదవగా ఒక సంగతి తట్టింది. కూల్చమనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ ఒక్క విషయంలో మాత్రం చక్కగా కలుస్తున్నారు: భవనం పాతది, కాబట్టి పాడైంది. దాన్ని చూసి ఒకరికి భయమేస్తోంది, ఇంకొకరికి జాలేస్తోంది. అంతే తేడా.

నాకు పేచీ అక్కడే. గోవిందరాజస్వామి గుడి గోపురం ఈ మఠం కంటే పాతది. దాని పక్కనుంచి పోయేటప్పుడు ఎవరూ తలెత్తి భయంగా చూడరు. చంద్రగిరి రాజమహలు ఇంకా నిలబడే ఉంది. వయసే జబ్బయితే ముందు అవి పోవాలి. పెద్ద భవనాలకి చేటొచ్చేది వాటిని పోషించే రాబడి తెగినప్పుడు. తెగిన రోజున ఎవరికీ తెలియదు. నలభై యాభై ఏళ్ళకి మిద్దె కారుతుంది, గోడ బీటలిస్తుంది, అప్పుడు ఇంజనీరొచ్చి శిథిలం అని రాస్తాడు. ఆయన రాసిందాంట్లో తప్పు లేదు. అయితే అది రోగం పేరే గానీ కారణం కాదు. కారణం రాయమని ఆయన్ని ఎవరూ అడగరు.

కొండ చేతిలో ఉన్నన్నాళ్ళు

మఠానికి పేరిచ్చిన హథీరాం బావాజీ, వెంకటేశ్వరస్వామితో పాచికలాడిన కథ, ఏనుగు చెరుకు తిన్న కథ మనూళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, వాటి జోలికి పోను. మఠం దశ తిరిగింది మాత్రం 1843లో. 1801లో ఆర్కాటు నవాబు సీమ ఈస్టిండియా కంపెనీ కిందికి వచ్చాక కొండమీది వ్యవహారాలు కలెక్టర్ల అజమాయిషీలో నడిచాయి. 1821లో బ్రూస్ కోడ్ అని నిబంధనలు కూడా రాసిపెట్టారు. క్రైస్తవ ప్రభుత్వం గుళ్ళ హుండీలు లెక్కపెట్టడమేంటని మిషనరీలు గోలపెట్టడంతో కంపెనీ చేతులు కడుక్కోవాలనుకుంది. నిర్వహణంతా తీసుకెళ్ళి మఠం మహంతు, అంటే మఠాధిపతి, సేవాదాస్ చేతిలో పెట్టింది. అక్కణ్ణుంచి 1933 దాకా, అంటే 90 ఏళ్ళు, తిరుమల ఆలయానికి విచారణకర్తలు మఠం మహంతులే.

అంతమంది జనం, అంత సొమ్ము, అన్ని ఊళ్ళ మాన్యాలు, అన్ని వ్యాజ్యాలు. అదంతా నడిపే మనిషి ఉండే చోటు ఎట్లుంటుందో ఊహించుకోవచ్చు. దర్బారు లాంటి హాళ్ళు, వచ్చేపోయే సాధువులకి వసతి, గుమాస్తాలకి గదులు, గుర్రాలకీ బండ్లకీ జాగా. మహంతుల పాలన అంతా స్వర్ణయుగమేమీ కాదు. 1880ల చివర ధ్వజస్తంభం కింద పెట్టినవి బంగారు నాణేలా రాగి నాణేలా అన్న గొడవ కోర్టుకెక్కి అప్పట్లో దేశమంతా మాట్లాడుకున్నారు. అయినా భవనం వైపు నుంచి చూస్తే అవి మంచి రోజులే. మిద్దె కారితే ఆ సాయంత్రానికి బేల్దారి వచ్చేవాడు, ఎందుకంటే ఆ మిద్దె కింద కూర్చున్నది అధికారం.

1932లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడింది. మరుసటి ఏడు ప్రయాగదాస్ మహంతుతో విచారణకర్తల కాలం ముగిసింది. ఆలయానికి అది మంచిదే. నేనూ ఆ మార్పునే సమర్థిస్తాను, ఇందులో రెండో మాట లేదు. అధికారం కొండతో పాటు వెళ్ళిపోయింది, భవనం మాత్రం గాంధీ రోడ్డులోనే ఉండిపోయింది. మఠానికి మిగిలినవి భూములు, అద్దెలు, పేరు. తరవాతి కథ మనం పేపర్లలో చదువుతూ వచ్చిందే: ఆక్రమణలు, కేసులు, మహంతు పదవి మీద తగాదాలు, దేవాదాయ శాఖ జోక్యాలు. ఈ గలాటాలో ఏ ఏడు ఎవరు మిద్దెక్కి చూశారు?

మద్రాసులో కాలిపోయిన మన సొమ్ము

ఇక్కడ చెన్నై చెపాక్ ప్యాలెస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే దానికీ మనకీ పాత చుట్టరికం ఉంది. 1768 ప్రాంతంలో ఆ ప్యాలెస్ కట్టించిన నవాబు మహమ్మదాలీ కిందే తిరుపతి సీమ ఉండేది. కొండమీది రాబడిని ఆయన యుద్ధాల ఖర్చుకి కంపెనీకి తాకట్టు పెట్టుకున్నాడు. అంటే మన తాతముత్తాతలు హుండీలో వేసిన ముడుపుల్లో కొంత నవాబుగారి లెక్కల్లో కలిసిపోయింది. ఆ గోడల్లో మన వాటా ఇటుక నాలుగైనా ఉంటుందని నేను చెన్నై పోయినప్పుడల్లా సరదాగా అనుకుంటాను.

1855లో చివరి నవాబు వారసుడు లేకుండా పోయాడు, కంపెనీ బిరుదు రద్దుచేసింది, ప్యాలెస్ వేలానికి వచ్చింది, మద్రాసు ప్రభుత్వమే కొనుక్కుంది. అక్కడితో దాని కథ అయిపోవాల్సింది. అవలేదు. రెవెన్యూ ఆఫీసులు పెట్టారు, పీడబ్ల్యూడీ వచ్చింది, ఫైళ్ళూ గుమాస్తాలూ చేరారు. రాబర్ట్ చిషోమ్ అనే ఆర్కిటెక్ట్ కొత్త భాగాలు కట్టి, ప్యాలెస్‌లోని ఖలస్ మహల్, హుమాయూన్ మహల్ రెండింటినీ కలిపాడు. నవాబు పోయినా భవనానికి పని దొరికింది. 2012 జనవరిలో అందులోని ఖలస్ మహల్ నిలువునా కాలిపోయింది. మంటలార్పుతూ ఒక అగ్నిమాపక అధికారి ప్రాణం పోగొట్టుకున్నారు. పైకప్పు కూలి మొండిగోడలు మిగిలాయి. శిథిలం అంటే అదీ. అప్పుడు కూడా కూల్చేద్దామన్న మాట వినిపించింది. చివరికి సున్నం గానుగలు పెట్టించి, పాత పద్ధతిలోనే కట్టి, 2017లో మళ్ళీ తెరిచారు.

ఇదే చిషోమ్ మన చంద్రగిరికి కూడా వచ్చాడు. రాజమహలు మీద 1883లో ఒక వ్యాసం రాశాడు. మూడంతస్తుల ఆ మహల్లో చెక్క వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. విజయనగర రాజుల చివరి రోజుల రాజధాని అది. మద్రాసు కోటకి జాగా ఇచ్చిన 1639 నాటి ఒప్పందం పేరు చెప్పగానే జనం ఈ మహల్నే చూపిస్తారు. 1646లో గోల్కొండ సేనలకి, తరవాత మైసూరుకి చేతులు మారింది. కోటలో ఒకప్పుడు ఉన్న ఇళ్ళూ కచేరీలూ మట్టిలో కలిసినా రాజమహలు, రాణీమహలు, కొన్ని గుళ్ళు నిలిచాయి. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో మ్యూజియంగా ఉంది. శుక్రవారం సెలవని తెలియక గేటు దాకా పోయి తిరిగొచ్చిన చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

చంద్రగిరిని చూసి నాకు నిశ్చింత ఉంటుంది గానీ ఉత్సాహం రాదు. అది భద్రంగా ఉంది, ఒంటరిగానూ ఉంది. పచ్చిక కత్తిరిస్తారు, టికెట్ చింపుతారు, సాయంత్రం తాళమేస్తారు. ఊరి మధ్యలో ఉన్న భవనాన్ని అట్లా చెయ్యలేం, చెయ్యకూడదు కూడా. గాంధీ రోడ్డుకి ఇంకో మ్యూజియం అక్కర్లేదు. కుంకుమ కొట్టు, ఇత్తడి సామాన్ల కొట్టు, లామినేషన్ పటాల కొట్టు పెట్టుకుని నాలుగు రాళ్ళు సంపాదించుకునేవాళ్ళే అక్కడ ఉండాలి. షరతు ఒకటే. ఆ నాలుగు రాళ్ళలో ఒకటి పైకప్పుకి చేరాలి.

అద్దె వందల్లో, తూములో కవర్లు

ఏ వీధో చెప్పను. గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో ఒక రెండంతస్తుల మేడ ఉంది. మఠానికి సంబంధం లేదు, ఒక కుటుంబానిది. అన్నదమ్ముల్లో చిన్నాయన నాకు స్నేహితుడు. అమ్మేద్దామా బాగుచేద్దామా అని తేల్చుకోలేక, పాతకట్టడాలు తెలిసిన ఒక మేస్త్రీని పిలిపించి నన్నూ రమ్మన్నాడు.

బయట నుంచి చూస్తే ఇక అయిపోయిందనే అనిపించింది. పిట్టగోడ మీద రావిమొక్క నడుమెత్తు పెరిగింది. పై గది కప్పులో తడి మరక మన దేశపటమంత ఉంది. రెండు దూలాల చివర్లు, గోడలోకి పోయిన చోట, నల్లబడ్డాయి. మేస్త్రీ ఏమీ మాట్లాడకుండా నేరుగా మిద్దెక్కాడు. మూలన ఉన్న తూము దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి లాగితే పాలిథిన్ కవర్లు, పూలదండల దారాలు, గుట్కా పొట్లాలు, పావురాల ఈకలు ముద్దగా వచ్చాయి. లోపల ఇంకా ఉంది. వానాకాలమంతా ఆ మూల చెరువు. నీళ్ళకి దారి లేక గోడలోకి దిగుతున్నాయి, గోడలోంచి దూలం చివరికి.

ఆయన తాళంచెవి తీసి రెండు చోట్ల తట్టాడు. పాత గచ్చు మీద రాయి మీద కొట్టినట్టు మోగింది. పక్కనే ఈమధ్య వేసిన సిమెంటు పూత డొల్లగా పలికింది, వేలితో నొక్కితే పొర లేచి వచ్చింది.

"కారతా ఉందని పైన సిమెంటు పూసినారు సార్. లోపలికి పోయిన తేమ బయటికి రాల్యా. సున్నం గోడకి సిమెంటు పూస్తే ఊపిరాడదు," అన్నాడు. "మిద్దెకి ఏం రోగం ల్యా. తూముకే."

ఖర్చు ఎంతవుతుందంటే, తూము బాగుచేసి, మొక్క వేర్లతో సహా తీసి, దూలం చివర్లు రెండు మార్చి, ఆ మూల మిద్దె విప్పి ఇటుకలు పేర్చి గచ్చు చేస్తే ఇంత అని చెప్పాడు. కొత్త ఇంటికి మాడ్యులర్ కిచెన్ పెట్టించుకునేంత. నా స్నేహితుడి మొహం కొంచెం విప్పారింది. కిందికి దిగాక మళ్ళీ ముడుచుకుంది.

కింద నాలుగు కొట్లున్నాయి. వాళ్ళ తాతల కాలం నాటి అద్దెలు, ఇప్పటికీ వందల్లోనే. ఆ కొట్లవాళ్ళలో ఒకాయన ముందున్న మెట్ల జాగాని ఒక ఫోన్ కవర్ల కుర్రాడికి రోజుకింత అని ఇచ్చుకుంటున్నాడు. ఆ కుర్రాడు ఇచ్చే నెల మొత్తం, మేడ యజమానులకి నాలుగు కొట్ల నుంచీ వచ్చే అద్దె కంటే చాలా రెట్లు ఎక్కువ. కొట్టాయన్ని అడిగితే ఆయనా న్యాయమే మాట్లాడాడు: "మేము రిపేరు చేయించుకుంటామన్నా యజమానులు ఒప్పుకోరు సార్, ఖర్చుపెడితే హక్కొచ్చేస్తుందని వాళ్ళ టెన్షన్. రేపో మాపో కూల్చి కడతారని మేము పెట్టం." కాబట్టి ఆ మిద్దె కింద డబ్బు బాగానే తిరుగుతోంది. మిద్దె దాకా ఒక్క రూపాయి ఎక్కడం లేదు. యజమానికి మేడ పడిపోతేనే లాభం, జాగా ఖాళీ అవుతుంది. అద్దెదారుకి పడిపోయేదాకా ఉంటే చాలు. తూములో చెయ్యి పెట్టాల్సిన అవసరం ఇద్దరికీ లేదు.

ఒక్క మేడ చూసి ఊరంతా ఇంతే అనడం తొందరపాటు. అయినా ఆ తరవాత పాత వీధుల్లో నడిచేటప్పుడు నా కళ్ళు మొదట తూముల మీదికే పోతున్నాయి. చూసినంతవరకు, రావిమొక్క ఉన్నచోట దాదాపుగా కింద అద్దెల తగాదానో, పైన వాటాల తగాదానో ఉంటోంది.

అవతలివాళ్ళ మాటలోనూ పస ఉంది

నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ప్రాణాల వాదన. కారణం ఏదైనా కానీ, పడే గోడ పడుతుంది. 2021 నవంబరు వానలకి తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు మనమంతా చూశాం, ఈ ఊరి కట్టడాలకి ఒక్క వారం వాన ఎంత పరీక్షో. తప్పెవరిదో తేల్చేదాకా ఆగమని పెచ్చుల కింద నడిచే మనిషికి నేను చెప్పలేను. అందుకే ఖాళీ చేయించడాన్ని, రోడ్డు వైపు అడ్డం కట్టడాన్ని, ఊడే భాగాన్ని ఆనుకట్టుతో నిలపడాన్ని నేను తప్పుపట్టను. అవి రేపే చెయ్యొచ్చు. కూల్చడానికీ వాటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని మాయం చెయ్యడానికే శిథిలం అన్న మాటని వాడుకుంటున్నారని నా అనుమానం.

రెండో వాదన ఇంకా సూటిగా ఉంటుంది. మహంతుల దర్జాకి గుర్తుగా మిగిలిన కట్టడం మీద జనం సొమ్ము ఎందుకు పెట్టాలి? మా బంధువుల్లో ఒక పెద్దాయన ఈ మాటే అన్నారు. మఠం భూముల్లో కౌలు చేసిన కుటుంబం వాళ్ళది, ఆయన కోపానికి అర్థం ఉంది. కానీ అదే భవనాన్ని బంజారాలు ఇంకో కంటితో చూస్తారు. హథీరాం బావాజీ వాళ్ళకి ఇంటి దేవుడు లాంటివాడు, ఎక్కడెక్కడి తండాల నుంచో మొక్కడానికి వస్తారు. మనకి మహంతుల కచేరీ, వాళ్ళకి బావాజీ ఇల్లు. ఒక భవనం మీద కోపం ఉన్నవాడికీ భక్తి ఉన్నవాడికీ ఇద్దరికీ అది నిలబడి ఉంటేనే ఏదో ఒకటి అనడానికి వీలుంటుంది. పెద్దాయనకి ఈ మాట చెబితే నవ్వి ఊరుకున్నారు, ఒప్పుకోలేదు.

"కూల్చి అదే తీరులో కొత్తది కడతాం" అనే మాట మూడోది. దీన్ని నమ్మడానికి తిరుపతివాళ్ళకి మాత్రం కష్టం. తిరుమల ఆలయం ఎదురుగా ఉన్న వేయికాళ్ళ మండపాన్ని 2003లో తీసేశారు. భక్తుల రద్దీ నిజమే, మాడవీధుల్లో జాగా అవసరం నిజమే. మళ్ళీ కడతామన్న మాట మాత్రం మాటగానే ఉండిపోయింది. ఆ మండపాన్ని చూడని తరం ఇప్పుడు కాలేజీలకి వచ్చేసింది. తిరుమలలోనే ఉన్న పార్వేట మండపాన్ని 2023లో విప్పి కొత్తగా కట్టారు, అది పూర్తయింది కూడా. నునుపైన కొత్త స్తంభాలు చూసి బాగుందన్నవాళ్ళున్నారు, పాత రాళ్ళు ఎరిగినవాళ్ళు గొడవపెట్టారు. రెండింట్లోనూ తేలిందొకటే. పాతదాన్ని తీసేశాక దాన్ని గురించి బేరమాడే బలం మనకి ఉండదు.

హైదరాబాదులో 2019లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ని కూల్చి అసెంబ్లీ కడతామన్నప్పుడు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అప్పుడు వాదించేవాళ్ళ చేతిలో ఒక ఆయుధం ఉంది. ఆ భవనం ఒకప్పుడు వారసత్వ కట్టడాల నిబంధనల కింద నమోదై ఉండటం. గాంధీ రోడ్డు గురించి మనం చేస్తున్న వాదనలన్నీ వాట్సాప్‌లోనే ఉన్నాయి.

అడగాల్సింది ఇదీ

ఏ సంస్థ అయినా, ఏ శాఖ అయినా, తన ఆధీనంలో ఉన్న పాతభవనాన్ని శిథిలమైందని ప్రకటించేటప్పుడు దానితోపాటు గత ముప్ఫై ఏళ్ళలో దాని రిపేరుకి ఏ ఏడు ఎంత పెట్టారో, అదే ఏళ్ళలో దాని మీద ఎంత అద్దె వసూలైందో బయటపెట్టాలి. ఇది రాకెట్ సైన్సేమీ కాదు, మామూలు లెడ్జరు. ఖర్చు కాలమ్ నిండుగా ఉండి కూడా గోడ నిలవకపోతే, సరే, అప్పుడు కూల్చే మాట వింటాను. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే, కప్పు కారనిచ్చినవాళ్ళే దాని చావు సర్టిఫికెట్ మీద సంతకం పెడుతున్నట్టు లెక్క. వాళ్ళ మాట ఒక్కటే చాలదు. సున్నం కట్టడాలు తెలిసిన ఇంజనీర్లతో ఇంకో పరీక్ష చేయించాలి. సిమెంటు కాంక్రీటుకి పెట్టే కొలతలతోనే ఇటుక-సున్నం గోడని కొలిస్తే అది ప్రతిసారీ ఫెయిలే అవుతుంది.

సొంత ఇళ్ళ సంగతి దీని కంటే చిక్కు. నా స్నేహితుడి కుటుంబాన్ని లెడ్జరు చూపించమని అడిగే హక్కు నాకు లేదు. వాళ్ళ మేడ వీధికి అందమే, ఆ అందానికి వీధి వాళ్ళకి ఇచ్చేది ఏమీ లేదు. పైగా ఇంటిపన్ను వసూలు చేస్తుంది. రిపేరు చేసిన పాత ఇళ్ళకి పన్నులో తగ్గింపు ఇవ్వొచ్చు. అద్దెలు మార్కెట్‌కి కొంత దగ్గరగా పెంచి, పెరిగిన దాంట్లో సగం మిద్దెకే పెట్టాలని యజమానీ అద్దెదారూ రాసుకోవచ్చు. వాళ్ళ నాలుగు కొట్లవాళ్ళతో ఈ మాట కదిపి చూశాం. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన మా అబ్బాయిని అడగాలన్నాడు. మెట్ల జాగా అద్దెకిచ్చుకునే ఆయన మాత్రం "చూద్దాం లెండి సార్" అని ఫోన్ చూసుకున్నాడు. పెద్దన్నగారికి ఇంకా చెప్పలేదు, ఆయన బెంగళూరులో ఉంటారు, ఆయనకి ఇప్పటికే ఒక బిల్డరు ఫోన్ చేస్తున్నాడు.

తూము మాత్రం బాగుచేయించారు. దాని పైన చిల్లుల ఇనప మూత బిగించి, మొక్క కోసి, వేళ్ళు దాకా సున్నం నీళ్ళు పోశారు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో దిగుతాయి. బిల్డరు అంతకుముందే వస్తాడు.